మంచులో చీమ

ఎలిజబెత్ చేసే పని చూడటం.

మాత్రల ఫ్యాక్టరీలో ఆమె ముందు నుంచి తెల్లని బెల్టు ఒకటి నెమ్మదిగా కదులుతూ పోతుంది. దాని మీద తెల్లని మాత్రలు. పైన ట్యూబులైటు. అంచు విరిగిన మాత్ర కనబడితే, మీద నల్లచుక్క ఉన్న మాత్ర కనబడితే, వేలితో పక్కకు తీసి ఎర్ర డబ్బాలో వేయాలి. మిగిలినవి ముందుకు పోతాయి. ఏ ఊరికి పోతాయో, ఎవరి జ్వరానికి పోతాయో ఆమెకు తెలియదు. చూడటం వరకే ఆమె వంతు. ఆ పనిలో చేరి పాతికేళ్ళు దాటింది.

తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు. మనిషిలో కళ్ళు మాత్రమే బయట ఉంటాయి. బీహార్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిలు మొదటి వారం ఆమె పక్కన నిలబడి తూలుతుంటారు. "ఆంటీ, నీంద్ నహీ ఆతీ?" అని అడుగుతారు, నిద్ర రాదా అని. "ఆతీ. మగర్ దాగ్ నహీ సోతా," అంటుంది ఎలిజబెత్. నిద్ర వస్తుంది, కాని మచ్చ నిద్రపోదు కదా అని.

చిట్కుల్‌లో ఇంటికి వచ్చినా ఆ కళ్ళకు సెలవు లేదు. బియ్యంలో రాయి, గోడ మీద చెద, అల్లుడి చొక్కా మీద గ్రీజు మరక, అన్నీ ఆమెకే ముందు కనబడతాయి. అల్లుడు చార్లీ ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. "అత్తమ్మ ముంగట కూసొని అన్నం తినాల్నంటే ఇంటర్వ్యూకు పోయినట్టే ఉంటది," అంటాడు. ఎలిజబెత్ నవ్వదు. అతని కంచం పక్కన పడిన మెతుకు తీసి పక్కకు పెడుతుంది.

అట్లా చూసే మనిషి, తన బతుకులో చూడవలసిన ఒక్క ముఖాన్ని, రెండుసార్లు అవకాశం వచ్చినా, చూడలేదు.

*

మొదటిసారి ముప్పై ఏళ్ళ కిందట.

గుమ్మడిదల దగ్గర వాళ్ళ ఊరు. ఊరి బయట ఒక బోడిగుట్ట, దాని కింద సాగు లేక యాదగిరి వదిలేసిన పడావు భూమి. యాదగిరి భార్య రాజవ్వది, చర్చి వాడ అంచున ఎలిజబెత్ కాపురానికి వచ్చిన ఇంటికి ఎదురిల్లు. ఆ ఎండాకాలం లారీలు వచ్చి ఆ పడావు భూమి నిండా ఉప్పు పోశాయి. ఉప్పు మీద సుద్దపొడి చల్లారు. గుట్టకు తెల్లబట్ట చుట్టారు. చూస్తుండగానే ఊరి పక్కన మంచుకొండ లేచింది. ఏప్రిల్ ఎండకు అది తళతళ మెరిసేది, కళ్ళు నిలిచేవి కావు.

వచ్చినవాళ్ళు సినిమావాళ్ళు. సినిమా పేరు 'చలిగుట్ట'. మంచులో ఒక గుట్టను కాపలా కాస్తూ, తమ బదులు కాపలాకు వచ్చే దళం కోసం ఎదురుచూసి, అది వచ్చేలోపే చచ్చిపోయిన సైనికుల కథ. అసలు మంచుకొండల మీద సగం తీశారు. అక్కడ తుఫాను మొదలై దిగిపోవలసి వచ్చింది. మిగిలిన సగం ఇక్కడ.

దర్శకుడు పొట్టి మనిషి, తల మీద తడి తువ్వాలు. దేశమంతా పేరున్నవాడని చెప్పేవారు. ఊరివాళ్ళు నమ్మలేదు. పేరున్నవాడు గట్టిగా అరవాలి కదా. ఈయన నోరు విప్పితే పక్కవాడికే వినపడేది. పొద్దున ఒక్కడే వచ్చి ఉప్పు మధ్యన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏదో ఒక నీడ ఎంత పొడుగు సాగుతుందో చూస్తున్నట్టు చాలాసేపు అట్లాగే ఉండేవాడు.

తుపాకి పట్టి పరుగెత్తడానికి ఊళ్ళో మగవాళ్ళంతా ఎగబడ్డారు. శవాలుగా పడుకోవడానికి ఒక్కరూ రాలేదు. తల్లులు రానివ్వలేదు. బతికి ఉండగా శవమై పడుకుంటే, చావుకు దారి చూపినట్టు కాదా. రాజవ్వయితే తన కొడుకును ఇంట్లో వేసి తలుపు గొళ్ళెం పెట్టింది.

అప్పుడు సినిమావాళ్ళు చర్చి వాడకు వచ్చారు. యాదగిరి వెంట ఉన్నాడు. వాడలో అందరికన్నా ముందు చేయి ఎత్తినవాడు అహరోను, ఎలిజబెత్ భర్త.

"మీకేం ఫరక్ పడదులే," అన్నాడు యాదగిరి. "మీరు మూడో దినం లేస్తరు."

"మూడో దినందాక ఆ సారు ఆగుతడా," అన్నాడు అహరోను. "పొద్దుగూకకముందే లేపి ఇంటికి పొమ్మంటడు."

అహరోను శవమేమిటని వాడంతా నవ్వింది. అతను ఒక్కచోట కుదురుగా ఉండే మనిషి కాదు. చర్చిలో ప్రార్థన జరుగుతుంటే కాలు ఊపుతాడు. తింటూ మాట్లాడతాడు, మాట్లాడుతూ లేస్తాడు, లేచి ఎందుకు లేచాడో మరిచిపోతాడు. పెళ్ళి ఫోటోలో కూడా సరిగ్గా లైటు వెలిగిన క్షణాన కళ్ళు మూశాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో అదే. పక్కన ఎలిజబెత్ కళ్ళు విప్పార్చుకుని చూస్తుంటుంది. అతను నిద్రపోతున్న పెళ్ళికొడుకు.

అట్లాంటివాణ్ణి దర్శకుడు ఎందుకు ఎంచుకున్నాడో ఎవరికీ తెలియదు. ముఖాలకు తెల్లపొడి పూసుకుని, ఒకే రకం బట్టలు వేసుకుని, ఉప్పు మీద పడుకున్నారు అందరూ. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళ మధ్య నడిచాడట. అహరోను దగ్గర ఆగాడట.

"నువ్వు కళ్ళు తెరిచి చచ్చిపో," అన్నాడట.

"ఎంతసేపు సార్?"

"నేను చాలు అనేదాకా."

మిగిలింది అహరోను ఆ సాయంత్రం చెప్పాడు. అప్పుడతను ఇంటి ముందు రాతిబండ మీద కూర్చుని ఉన్నాడు. రాజవ్వ కుండతో నీళ్ళు తెచ్చి అతని నెత్తిన గుమ్మరిస్తోంది. చావుకు పోయి వచ్చినవాళ్ళే స్నానం చేయనిదే గడప దాటరు. చచ్చి వచ్చినవాడు ఎట్లా దాటుతాడని ఆమె వాదన.

"మాకు గవన్ని లేవు రాజక్కా," అన్నాడు అహరోను, నీళ్ళ కింద.

"నీకు లేకుంటే నాకున్నయి. మూతి మూసుకో, ఉప్పు పోతది లోపటికి."

పెదవులు చీలి, చెవుల వెనుక చర్మం ఎర్రగా కమిలి ఉంది. అయినా అతని ముఖం వెలుగుతోంది. ఎలిజబెత్ గడపలో నిలబడి వింది.

కెమెరా ముఖానికి దగ్గరగా తెచ్చారట. అంతా నిశ్శబ్దం. అప్పుడు ఒక చీమ గడ్డం మీదికి ఎక్కిందట. ఎర్రటి ఎండలో, అంత ఉప్పులో, ఎక్కడి నుంచి వచ్చిందో. కెమెరా పట్టుకున్నతను చీమ, చీమ అని గొణిగాడట. దర్శకుడు చేయి ఎత్తి అతన్ని ఆపాడట. చీమ చెంప మీదుగా పైకి పాకింది. అహరోను రెప్ప వేయలేదు.

చాలు అన్న తర్వాత ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కుట్టలేదా?"

"కుట్టింది సార్."

"మరి కదలలేదేం?"

"సచ్చిన కద సార్."

ఆయన అహరోను నెత్తి మీద చేయి పెట్టి, కాసేపు అట్లాగే ఉంచి, లేచి వెళ్ళిపోయాడట.

"సినిమా వస్తది చూడు," అన్నాడు అహరోను ఎలిజబెత్‌తో. "అందరి మొఖాలు ఒక్కతీరుగనే ఉంటయి. తెల్లగ. నన్ను గుర్తు పడుతవో లేదో. కుడిచెంప మీద చీమ పాకుతది. గదే నేను."

*

సినిమా వచ్చేసరికి ఎలిజబెత్‌కు ఐదో నెల.

సంగారెడ్డిలో ఆట. ఊరంతా ట్రాక్టర్లు కట్టుకుని వెళ్ళింది. ఆడవాళ్ళ వైపు ఎలిజబెత్ పక్కన రాజవ్వ కూర్చుంది. ఎలిజబెత్‌కు తల్లి లేదు. కడుపుతో ఉన్నప్పటి నుంచి ఆమె ఏం తినాలో, ఏ వేళ బయట తిరగాలో, అన్నీ రాజవ్వ చూసుకుంది. కడుపుతో ఉన్న మనిషి ఎదురుగా శవం వస్తే తల తిప్పుకోవాలి. ఊళ్ళో ఏ వాడలోనైనా అది అంతే. చర్చి వాడలో కూడా అంతే. పాస్టరు వద్దన్నా పోని సంగతులలో అదొకటి.

అయితే తెర మీది శవం శవమేనా అన్న ప్రశ్న అంతకుముందు ఎవరికీ రాలేదు.

రాజవ్వకు వచ్చింది. తెర మీద తెల్లని మైదానం పరుచుకుని, ఉప్పులో పడి ఉన్న మొదటి మనిషి కనబడగానే ఆమె కొంగు తీసి ఎలిజబెత్ ముఖం మీద కప్పింది. తల పట్టి తన భుజానికి అదుముకుంది. "నీ మొగడే అయితేంది, పీనుగ పీనుగే," అంది చెవిలో. ఎలిజబెత్ కదలబోయింది. కడుపులో బిడ్డ కూడా కదిలింది. ఆ కదలికకు ఆమె భయపడి ఆగిపోయింది.

కొంగు కింద చీకటి. పసుపు వాసన, తంబాకు వాసన. హాలులో ఈలలు వినబడ్డాయి. "అహరోనన్నా" అని ఎవరో అరిచారు. తర్వాత, ఎవరో చెప్పినట్టుగా, అందరూ ఒక్కసారి ఊరుకున్నారు. అంత మంది ఊరుకోవడం ఆమె ఎన్నడూ వినలేదు. అది చాలాసేపు సాగింది. కొంగు తీసేసరికి తెర మీద ఆకాశం ఉంది, అంతే.

బయటికి వస్తుంటే అహరోను గుంపును తోసుకుంటూ వచ్చాడు.

"చూసినవా?"

ఆ ముఖం చూసి ఆమెకు వేరే మాట రాలేదు. "చూసిన," అంది.

"చీమ కనవడ్డదా?"

"కనవడ్డది."

"నీ మొగడు అందరిలకెల్ల మంచిగ సచ్చిండు," అంది రాజవ్వ. అది మెచ్చుకోవడమే.

మళ్ళీ వెళ్ళి చూద్దామని ఎలిజబెత్ అనుకుంది, కాన్పు అయ్యాక. వారంలో సినిమా ఎత్తేశారు. యుద్ధం సినిమాలో యుద్ధం లేదని జనం రాలేదు. ఆ తర్వాత దానికి ఢిల్లీలో బహుమానం వచ్చిందని, పరదేశాల్లో ఆడిందని విన్నారు. ఊరి దాకా మళ్ళీ రాలేదు. యాదగిరి పడావు భూమిలో ఉప్పు దిగి ఇంకిపోయి రెండేళ్ళు గడ్డి కూడా మొలవలేదు. అదొక్కటే గుర్తు.

బిడ్డ పుట్టింది. జెన్నిఫర్ అని పేరు పెట్టారు. ఆమె మాటలు నేర్చే వయసులో, అహరోను పనిచేసే ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. ఆ సాయంత్రం గుడ్డలో చుట్టి తీసుకొచ్చారు. గుడ్డ విప్పవద్దన్నారు పెద్దలు. రాజవ్వ ఎలిజబెత్ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"వద్దు బిడ్డా. నువ్వు చూసిన మొఖమే ఉండనీ నీ కండ్ల."

ఎలిజబెత్ చూడలేదు. అది రెండోసారి.

ఆ తర్వాతి బతుకు చెప్పడానికి ఎక్కువ లేదు. ఆమె మాత్రల ఫ్యాక్టరీలో చేరింది. చూడటం నేర్చుకుంది. చిట్కుల్‌లో జాగా కొని రెండు గదులు వేసింది, ఒక గది కిరాయికి ఇచ్చింది. బిడ్డను చదివించింది. జెన్నిఫర్ ఇస్నాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. యాదగిరి పోయాడు. రాజవ్వ కొడుకు భూమి అమ్మి ఫ్యాక్టరీ పనికి వచ్చి, చిట్కుల్‌లోనే పక్క గల్లీలో ఉంటున్నాడు. కాబట్టి రాజవ్వ ఇప్పటికీ ఎదురిల్లే, దాదాపు. పొద్దున్నే కర్ర పట్టుకుని వచ్చి ఎలిజబెత్ గడపలో కూర్చుంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చిన ఎలిజబెత్‌ను, "ఏమన్నడు మీ దేవుడు?" అని అడుగుతుంది.

*

'చలిగుట్ట' మళ్ళీ వస్తోందని జెన్నిఫర్ ఫోనులో చూసి చెప్పింది. ముప్పై ఏళ్ళయిన సందర్భంగా కొత్త చేసి విడుదల చేస్తున్నారట. పటాన్‌చెరులో హైవే పక్క మాల్‌లో రోజూ ఒక ఆట, ఒక్క వారం. దర్శకుడు లేడు, పోయిన ఏడాదే పోయాడు.

ఎలిజబెత్ పప్పు కడుగుతోంది. చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి.

"కొత్త చేసుడంటే ఏంది?" అంది.

చార్లీ చెప్పాడు. "పాత రీలు మీద గీతలు, మరకలు ఉంటయి కద అత్తమ్మా. కంప్యూటర్ల పెట్టి ఒక్కొక్క బొమ్మ చూసుకుంట సాఫ్ చేస్తరు. నల్లచుక్క అన్నదే ఉండదు. మీ పనే అనుకో."

అతను తమాషాకే అన్నాడు. ఎలిజబెత్ కడిగిన పప్పునే మళ్ళీ కడిగింది.

మర్నాడు బెల్టు ముందు నిలబడి ఆమె అదే ఆలోచించింది. తెల్లటి దాని మీద నల్లచుక్క ఉంటే తీసేస్తారు. ఎక్కడో చల్లని గదిలో, తనలాగే మూతికి గుడ్డ కట్టుకుని, ఒక మనిషి కూర్చుని ఉంటాడు. మంచు లాంటి ముఖం వస్తుంది. దాని మీద ఒక చుక్క ఉంటుంది. మంచులో చీమ ఉండదని అతనికి తెలుసు. తీసేస్తాడు. తప్పేముంది? తనైనా తీసేసేది. ఇన్నేళ్ళలో ఎన్ని చుక్కలు తీసింది, ఒక్కదాన్ని ఇదేమిటని అడిగిందా?

ఒక మాత్ర వచ్చింది, మధ్యలో చుక్కతో. ఆమె దాన్ని తీసి చూపుడువేలి మీద పెట్టుకుని చూసింది. పక్కనున్న అమ్మాయి, "క్యా హువా ఆంటీ?" అంది. ఏమీ కాలేదు. ఎర్ర డబ్బాలో వేసింది.

చీమ లేకపోతే అహరోనును గుర్తుపట్టడం ఎట్లా? ముప్పై ఏళ్ళలో అతని ముఖం చెరిగిపోతూ వచ్చింది. కళ్ళు మూసిన పెళ్ళికొడుకు ఒక్కడే మిగిలాడు. కళ్ళు తెరిచిన అహరోను ఎట్లా ఉంటాడో ఆమెకు ఇప్పుడు తెలియదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. చూసిన అని అతనితో చెప్పింది కదా. చెప్పినది ఇప్పటికైనా నిజం కావాలి. అంతే ఆమె కోరిక.

జెన్నిఫర్ వస్తానంది. రాజవ్వ కర్ర నేలకు కొట్టింది.

"ఆరో నెల పెట్టుకొని పీనుగులను సూస్తందుకు పోతవా? మీ అవ్వకు నేను కొంగు కప్పిన. అందుకే నువ్వు గిట్ల సక్కగ పుట్టినవ్."

"నేను సక్కగ పుట్టింది కొంగుతోటి కాదు అమ్మమ్మా," అంది జెన్నిఫర్. "నాకు మా నాయిన మొఖం యాదికే లేదు. ఫోటోల కండ్లు మూసుకొని ఉన్నడు. ఎప్పుడు చూడాలె నేను?"

"పుట్టినంక సూడు."

"పుట్టేదాక సినిమా ఉంటదా?"

రాజవ్వ ఎలిజబెత్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పిల్లా, నీ బిడ్డకు."

ఎలిజబెత్‌కు భయం లేకపోలేదు. కడుపులో బిడ్డ కదలగానే తను ఆగిపోయిన క్షణం ఆమెకు గుర్తుంది. అప్పుడు ఆగకపోతే ఏమయ్యేదో ఎవరికి తెలుసు.

"రానీ అవ్వా," అంది చివరికి. "చూసేది చూడంది దానిష్టం."

"అయితే నేను గూడ వస్త," అంది రాజవ్వ. "మీ ఇద్దరికి బుద్ధి లేదు. ఒక్కరికన్న ఉండాలె."

*

మాల్‌లో కదిలే మెట్లు చూసి రాజవ్వ కర్రను ముందు ఎక్కించింది. కర్ర పైకి పోయింది, ఆమె కింద ఉండిపోయింది. చార్లీ ఆమెను దాదాపు ఎత్తుకుని పైకి చేర్చాడు. "నీ ఫోర్కులిఫ్టు మీద తెస్తే గాకుండెనా," అంది ఆమె.

హాలులో జనం పెద్దగా లేరు. ముందు వరుసల్లో కాలేజీ కుర్రాళ్ళు కొందరు, ఒక మూల ఇద్దరు ముసలివాళ్ళు. ఎలిజబెత్ మధ్యన కూర్చుంది. ఒక పక్క రాజవ్వ, ఒక పక్క జెన్నిఫర్. అప్పుడు రాజవ్వ లేచి నిలబడి, "నేను జెన్నీ పక్కకు పోత," అంది. ఎందుకో ఎలిజబెత్‌కు తెలుసు. "ఈడనే కూసో అవ్వా," అంది. లైట్లు ఆరిపోయాయి.

తెర తెల్లబడింది.

చాలాసేపు అది తెలుపే. ఏమీ లేదు. హాలులో ఏసీ చలి, తెర మీది చలి ఒకటై కాళ్ళ నుంచి పైకి పాకాయి. తర్వాత ఆ తెలుపులో ఒక మనిషి నడుస్తూ వచ్చాడు, చిన్నగా, వేలిగోరంత. అతను దగ్గరికి వచ్చేదాకా కెమెరా కదలలేదు. అతను ఎంతసేపు నడిచాడో అంతసేపూ చూడవలసిందే. ఎలిజబెత్‌కు ఆ ఉప్పు మధ్యన కుర్చీ వేసుకున్న పొట్టి మనిషి గుర్తుకొచ్చాడు. ఆయన ఊరికే కూర్చోలేదు. చూస్తున్నాడు. తను చేసే పనే చేస్తున్నాడు. కాకపోతే దేన్నీ తీసి పక్కన పెట్టడం లేదు.

అది ఉప్పు అని ఆమెకు తెలుసు. ఆ గుట్ట కింద తను సీతాఫలాలు ఏరుకుంది. దాని వెనుకే వాళ్ళ ఊరి బావి. అయినా తెర మీద సైనికుడు చేతులు రుద్దుకుంటే ఆమె తన చేతులు చంకల్లో పెట్టుకుంది. తెలిసి కూడా చలి వేసింది. ఇది ఎట్లా సాధ్యమో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కానిదాని ముందు కూర్చున్నట్టే కూర్చుంది, చర్చిలో కూర్చున్నట్టు.

"గది మన పడావే," అంది రాజవ్వ, గట్టిగానే. "గా రాయి మీద యాదగిరి కూసుంటుండె."

ముందు వరుసలో ఒకడు వెనక్కి తిరిగాడు. "అవ్వా, జెర ఊకో."

"నువ్వు ఊకో. మా భూమి గది."

తెర మీద సైనికులు ఎదురుచూస్తున్నారు. తుపాకులు పేలడం తక్కువ. ఒకడు ఉత్తరం రాస్తాడు, సిరా గడ్డకడుతుంది. ఒకడు రొట్టె విరిస్తే చప్పుడవుతుంది, కట్టె విరిగినట్టు. తమ బదులు రావలసిన దళం దూరంగా కనబడినట్టే కనబడి కొండ నీడ అవుతుంది. ఒక్కొక్కరే తగ్గిపోతారు. ఎప్పుడు తగ్గారో చూపించరు. లెక్క పెట్టుకుంటేనే తెలుస్తుంది. జెన్నిఫర్ లెక్క పెట్టుకుంటోంది, పెదవులు కదులుతున్నాయి.

తర్వాత మాటలు ఆగిపోయాయి. గాలి కూడా ఆగిపోయింది. మైదానం మీద వాళ్ళంతా పడి ఉన్నారు.

ఎలిజబెత్ ముందుకు వంగింది.

కెమెరా నేలకు ఆనుకుని నెమ్మదిగా కదిలింది. ఒక ముఖం వచ్చింది, తెల్లగా. పోయింది. ఇంకో ముఖం. పోయింది. వాళ్ళంతా వాడవాళ్ళే అయి ఉండాలి, పొద్దూ మాపూ చూసినవాళ్ళు. ఒక్కరినీ పోల్చుకోలేకపోయింది. తెలుపు మీద తెలుపు. ముఖాలు ఆమె ముందు నుంచి ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. ఆమె కళ్ళు తమంతట తాము పనిలోకి దిగాయి. చూడాలని ప్రయత్నించనవసరం లేకపోయింది. అవి చూస్తాయి, చుక్క ఉంటే పట్టుకుంటాయి.

ఇంకో ముఖం. పోయింది.

తర్వాతి ముఖం దగ్గర కెమెరా ఆగింది. కళ్ళు తెరిచి ఉన్నాయి.

గడ్డం కింద, పొడి అతుక్కుని పెళుసుబారిన చోట, ఒక చుక్క ఉంది. ఆవగింజలో సగం. హాలులో ఇంకెవరూ చూసి ఉండరు. ఎలిజబెత్ చూసింది. చుక్క కదిలింది.

తీసేయలేదు. ఎక్కడో చల్లని గదిలో కూర్చున్న ఆ మనిషి, తెలుపు మీద నల్లచుక్కను చూసి, వేలు ఎత్తి, ఆగాడు.

"మంచుల చీమ ఏందిరా," అన్నాడు ముందు వరుసలో ఒకడు, నవ్వు గొంతుతో. పక్కవాడు అతని మోచేయి నొక్కాడు.

అప్పుడు పక్కన గాజుల చప్పుడయింది. రాజవ్వ చేయి కొంగుతో సహా లేచింది. ఎలిజబెత్ ఒడి మీదుగా జెన్నిఫర్ ముఖం వైపు వస్తోంది. ముప్పై ఏళ్ళ కిందటి పసుపు వాసన, తంబాకు వాసన. ఎలిజబెత్ తల తిప్పలేదు. తల తిప్పితే ఇంతే సంగతి. తెర మీది నుంచి కన్ను తీయకుండానే చీకట్లో ఆ చేతిని పట్టుకుంది, మణికట్టు దగ్గర. పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఎముకల చేయి. కాసేపు గుంజుకుంది. తర్వాత మెత్తబడింది.

చీమ పెదవి అంచు దాకా వచ్చి ఆగింది. దారి మార్చుకుని చెంప మీదికి ఎక్కింది. కుడిచెంప. తెల్లని బయలులో అదొక్కటే ప్రాణం. దాని వెనుక, దానికన్నా ఎంతో పెద్దగా, అహరోను ముఖం. ఇదా ఈ ముఖం అనుకుంది. ఎడమ కనుబొమ్మలో చిన్న కత్తిగాటు. అది ఉండేదని మరిచిపోయింది. కింది పెదవి కొంచెం పక్కకు. జెన్నిఫర్ పెదవి. ఒక్కచోట నిలవని మనిషి. చర్చిలో కాలు ఊపే మనిషి. రాయి కూడా ఇంత కదలకుండా ఉండదు. ఈ నిలకడ ఇతని దగ్గర ఎక్కడ ఉండింది? ఎవరి కోసం దాచి ఉంచుకున్నాడు? ఆ పొట్టి మనిషి దాన్ని ఎట్లా కనిపెట్టాడు, అంతమంది తెల్లముఖాల మధ్య నడుస్తూ?

కళ్ళు ఆమెను చూస్తున్నాయి. ఇటు జరిగినా చూస్తాయి, అటు జరిగినా చూస్తాయి.

చీమ కంటి కొస దగ్గరికి వచ్చింది. కుట్టింది అని చెప్పాడు కదా, అది ఇక్కడే అయి ఉంటుంది. రెప్ప పడలేదు. ఆ తర్వాత అహరోను ఎన్నడూ చెప్పని ఒకటి జరిగింది. కంటి కింద తడి ఊరింది. నిండింది. ఒక బొట్టయి, పొడిలో దారి చేసుకుంటూ చెంప మీదికి జారింది. చీమ ఆ దారి ముందు ఆగింది. మీసాలు కదిలించింది. వెనక్కి తిరిగింది.

అది జరుగుతున్నప్పుడు అతనికి తెలియదు. చచ్చి ఉన్నాడు కాబట్టి తెలియదు.

హాలంతా ఊరుకుంది. సంగారెడ్డిలో కొంగు కింద విన్న ఊరుకోవడమే ఇది. అప్పుడు వాళ్ళంతా చూసింది ఇదన్నమాట.

"అమ్మా," అంది జెన్నిఫర్, ఊపిరితో. "నాయిన ఏడుస్తున్నడా?"

"ఉప్పు బిడ్డా," అంది ఎలిజబెత్. "కండ్లల్ల ఉప్పు పడ్డది."

జెన్నిఫర్ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని చూస్తోంది. తల తిప్పలేదు. తెర మీద ఆకాశం వచ్చింది.

*

లైట్లు వెలిగాయి. కాలేజీ కుర్రాళ్ళు వెంటనే లేవలేదు. ఇందాక అవ్వను ఊకొమ్మన్నవాడు పక్క నుంచి పోతూ, "మీ భూమేనా అవ్వా గది?" అని అడిగాడు, మర్యాదగా. "ఇప్పుడు కాదు," అంది రాజవ్వ. "ఆడ ఇప్పుడు మందుల కంపెనీ ఉన్నది."

బయటికి వచ్చారు. హైవే మీద కంటెయినర్ లారీలు, మిట్టమధ్యాహ్నపు ఎండ. చార్లీ ఆటో కోసం రోడ్డు దాటాడు. రాజవ్వ కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. హాలులో పట్టుకున్న మణికట్టును ఇంకో చేత్తో రుద్దుకుంటోంది. కోపమేమో అనుకుంది ఎలిజబెత్.

"గప్పుడు నేను గూడ సక్కగ సూడలే," అంది చివరికి రాజవ్వ. "నిన్ను కప్పుకుంటనే ఉన్న. గా నీళ్ళు నేను సూడనే లేదు." ఆగింది. "నువ్వు సూసినవా?"

అహరోను గుంపును తోసుకుంటూ వచ్చి అడిగిన మాట అదే.

"చూసిన," అంది ఎలిజబెత్.

ఆటో వచ్చింది. జెన్నిఫర్ ముందు జాగ్రత్తగా ఎక్కింది. "గురువారం దాక ఆట ఉన్నదంట అమ్మా," అంది. "రేపు గూడ వద్దామా?"

ఎలిజబెత్ మాల్ వైపు ఒకసారి చూసింది. రేపు ఇదే వేళకు ఆ చీకటి గదిలో ఎవరున్నా లేకపోయినా అతను కళ్ళు తెరుచుకునే ఉంటాడు. చీమ వస్తుంది. ఉప్పు కంట్లో పడుతుంది. అతను కదలడు.

"రేపు నాకు డ్యూటీ ఉన్నది," అంది. "నువ్వు, అమ్మమ్మ రండ్రి."

రాజవ్వ ఆటోలో జెన్నిఫర్ పక్కన కూర్చుని, కొంగును తన నడుము చుట్టూ గట్టిగా దోపుకుంది.